తెగిన కాడ్నించి

భన్‌పురిలోని మా లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు సిబ్బందికి ఇందుమూలముగా ప్రకటించడమేమనగా: ఇకపై సాయంత్రం ఐదు దాటాక కూడా ఎవరైనా, ఎంతసేపైనా ఫోను ఎత్తవచ్చును. బావమరిదికి చేసుకోండి, చీటీల మనిషికి చేసుకోండి. అడ్డుపడి తిట్టేవాడు లేడు. మా కంప్యూటరు సెక్షన్ ఇన్‌ఛార్జి, నాకు సొంత మేనమామ, మొన్న మంగళవారం పొద్దున్న పోయాడు.

నన్ను ఆ ఆఫీసులో పెట్టించింది ఆయనే. పదో తరగతి గట్టెక్కనివాడికి కంప్యూటరు ముందు కుర్చీ ఇప్పించి, ఆ పాపాన్ని చివరిదాకా అనుభవించాడు.

ఏ లారీలో ఎవరి సరుకుందో, ఎక్కడ దించాలో అంతా ఒక్క మిషన్‌లో ఉండేది. అది కాలినా మునిగినా వేరేచోట కాపీ ఉండాలని, రోజూ సాయంత్రం ఆ లెక్క మొత్తం ఫోను లైను మీద విశాఖపట్నం బ్రాంచికి పంపేవాడు. ఆ లైను నత్తకి చెల్లెలు. సగం వెళ్లేసరికి ముందుగదిలో ఎవడో అదే లైనుకున్న ఫోను ఎత్తేవాడు. తెగేది. మళ్లీ మొదటి నుంచి. ఇంకో లైను పెట్టించమంటే మా యజమాని సేఠ్‌ది ఒకటే జవాబు, ఒక్కటి చాలని: "ఏక్ లైన్ కాఫీ హై, బాబూ."

ఎత్తొద్దని బోర్డు పెట్టాం. బోర్డుకి ఆనుకునే మాట్లాడేవాళ్లు. విసుగెత్తి ఒకనాడు ఆ రిసీవరుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టి కుంకం చల్లాను. తర్వాత సేఠ్ కూడా దానివంక చూడలేదు. మావయ్య ఆ నిమ్మకాయని తిప్పి తిప్పి చూసి, "ఒరే అల్లుడూ, నీ సదువులో ఇదొక్కటే పనికొచ్చిందిరా" అన్నాడు.

మనుషులు మానారు గానీ వాన మానలేదు. చినుకు పడితే లైను తెగేది.

ఒక ఆదివారం మేముండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ ఎస్టీడీ బూత్‌లో అత్త విజయనగరంలోని అక్కతో మాట్లాడుతోంది. తెగినప్పుడల్లా మళ్లీ కలిపి, "అక్కా, బాగున్నావేటి? బావ బాగున్నాడా?" అని మొదలు. మావయ్య తట్టుకోలేకపోయాడు.

"సెప్పిందే సెప్తావేటే? తెగిన కాడ్నించి సెప్పు."

"కుశలం అడక్కుండా ఎలా మాటాడతాం? నీ మిషను మాత్రం రోజూ సేసేదేటి?"

మర్నాటినుంచి మావయ్య లెక్కంతా చిన్న ముక్కలు చేసి, కుదించి, ఆ రోజు మారినవే పంపడం మొదలెట్టాడు. తెగితే, విశాఖ గుమస్తాని ఎంతవరకు అందిందో అడిగి ఆ తర్వాతి ముక్క నుంచే. గంటల పని టీ చల్లారేలోగా అయ్యేది.

ఆ ఎండాకాలం మీటరు బోర్డు అంటుకుని ఆఫీసు కాలింది. మిషన్ బొగ్గయింది. లారీలు దారిలో ఉన్నాయి. "విశాఖలో లేకపోతే నువ్వూ లేవు" అన్నాడు సేఠ్. అంతా ఒక్కసారే తెచ్చుకోవడం ఆ లైను వల్లయ్యే పనా? విశాఖ గుమస్తా ఫ్లాపీల సంచితో రైలెక్కాడు. మావయ్య ఇక్కడి స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని, "పంపితే సాలదురా, తిరిగొస్తేనే దాసినట్టు" అన్నాడు.

వచ్చింది. నిప్పంటుకున్న ముందురోజు సాయంత్రం దాకా అంతా ఉంది. సేఠ్ హనుమాన్ గుడిలో కొబ్బరికాయ కొట్టాడు. మావయ్య మళ్లీ లైను అడిగితే, ఒక్కదానితోనే పని జరిగిందిగా, ఇంకోటెందుకన్నాడు. నాకిప్పటికీ కడుపు మండేది అక్కడే. పని చెడితే తిట్టు, బాగుపడితే కొబ్బరికాయ దేవుడికి.

మంగళవారం ఆస్పత్రిలో ఆయన పక్కన నేనున్నాను. "ఆకర్న ఏటన్నాడ్రా?" అనడిగింది అత్త. "'తెగిన కాడ్నించి' అన్నాడత్తా" అన్నాను.

అక్కకి కబురు చెప్పడానికి అత్తని బూత్‌కి నేనే తీసుకెళ్లాను. "ప్లాస్కు కడగడానికెళ్లానక్కా, నానొచ్చేసరికి..." లైను తెగింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నంబరు నొక్కింది. కుశలం అడగలేదు. "...అల్లుడు గోడకేసి తిరిగి ఏడస్తన్నాడు" అంది.

ఆయన ఆఖరున ఏమీ అనలేదు. ఆ మాట పూర్తిగా నా కల్పితం. కాలనీలో ఎవరూ దీన్ని అత్తకి చదివి వినిపించకండి.