పెరటి గోడ అవతలి మంట

ఆమెను ఊరంతా రంగులమ్మ అనే పిలుస్తారు. నేత కార్ఖానా నుంచి నూలు తెచ్చుకుని, ఇంట్లోనే గంగాళంలో రంగు కాచి, అద్ది ఇవ్వడం ఆమె పని. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. తోడికోడలి మాట వస్తే మాత్రం మొహం కూడా రంగు మారుతుంది.

మరిది పెళ్ళామైన ఈ చిన్న తోడికోడలిది వెనకిల్లు, మధ్యలో అడ్డం ఒక్క గోడే. ఆమెదీ రంగుల పనే. నేర్పింది రంగులమ్మే. నేర్పిన నాటి నుంచీ కళ్ళలో నిప్పులు పోసుకుంటూనే ఉంది. చిన్నదాని ఇంటికి కొత్త గంగాళం వస్తే ఈవిడకు అన్నం సయించదు. ఇలాంటి కడుపుమంటకు ఏ సిలిండరూ అక్కర్లేదు, దానంతటదే మండుతుంది.

పల్లెకు గ్యాసు పైపు వేస్తామని పనివాళ్ళు వచ్చినప్పుడు అందరికంటే ముందు సంబరపడింది రంగులమ్మే. సిలిండరైతే బండి ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా ధర వింటే గుండె గుభేలుమంటుంది. పైపు అయితే వాడుకున్నంతకే డబ్బు. తీరా వాకిట్లో గునపం దిగబోతుండగా ఆమెకో అనుమానం వచ్చింది.

"ఇది ఎక్కడి దాకా పోతుంది బాబూ?"

"మీ వాకిట్లోంచి వెనకింటికి వెళ్తుందమ్మా."

"వెనకింటికెందుకు? నాకిచ్చి ఇక్కడితో ఆపెయ్యండి."

"అలా కుదరదమ్మా. వేస్తే ఇద్దరికీ వేస్తాం."

"నా వాకిలి తవ్వి దాని పొయ్యి వెలిగిస్తారా? నేనొప్పుకోను!"

మంచం తెచ్చి సరిగ్గా తవ్వాల్సిన చోటే వేసుకుని కూర్చుంది. మొగుడు బతిమాలినా లేవలేదు. పనివాళ్ళు కాసేపు చూసి, సామాను ఎత్తుకుని వెనక సందులోకి పోయారు. ఎదుటివాళ్ళకు అపశకునం కావాలని తన ముక్కు కోసుకోవడమంటే ఇదే. చిన్నదాని ఇంట్లో పైపు పొయ్యి వెలిగింది, రంగులమ్మ ఇంట్లో పాత సిలిండరే మిగిలింది.

ఊళ్ళో సగం మంది పైపుకు మారేసరికి సిలిండరు బండి రావడం తగ్గింది. ఒకరోజు ఎరుపు రంగు తెర్లుతుండగా గ్యాసు కాస్తా అయిపోయింది. నీళ్ళు చల్లారిపోయాయి. నూలు సగం ఎర్రగా, సగం వెలిసిపోయినట్టు తేలింది. కార్ఖానా మేస్త్రీ నూలు చిలపలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటమ్మా ఇది? మీ వెనకింటావిడ నూలు చూడు, మొదటి పోగుకీ చివరి పోగుకీ తేడా ఉండదు. ఇంకోసారి ఇలా అయితే పనంతా ఆవిడకే ఇచ్చేస్తా."

పుండు మీద కారం చల్లినట్టయింది. ఇంటికొచ్చి, బోర్లించిన బిందె ఎక్కి గోడ మీదుగా తొంగిచూసింది. గంగాళం కింద మంట నీలంగా, ఎగుడుదిగుడు లేకుండా మండుతోంది. చిన్నది నూలు తిప్పుతూ పాట పాడుకుంటోంది. రంగులమ్మను ఆ మంట కన్నా ఆ పాటే ఎక్కువ కాల్చింది.

"పైపువాళ్ళని అడిగొచ్చాను," అన్నాడు మొగుడు. "ఇప్పుడు మనకి రావాలంటే తమ్ముడి పెరట్లోంచే రావాలట. వెళ్ళి మరదలిని అడుగు."

"దాన్నా? చచ్చినా అడగను."

"అయితే కార్ఖానాకి ఓ దణ్ణం పెట్టేసి ఇంట్లో కూర్చో."

చేతిలో పని పోతుందనేసరికి కాళ్ళు వాటంతటవే కదిలాయి. దారి పొడుగునా ఆమెకు ఒకటే ఆశ, చిన్నది కాదంటే బాగుండునని. కాదంటే ఏడాది పొడుగునా తిట్టుకోవచ్చు.

"ఏమే, మీ పెరట్లోంచి మాకో పైపు కావాలిట. తవ్వితే నీ మొక్కలు పాడైపోతాయిలే, వద్దనుకుంటే వద్దని చెప్పెయ్."

"తవ్వక్కర్లేదక్కా," అంది చిన్నది, చేతులు తుడుచుకుంటూ. "మాకు వేసిన రోజే మీ గోడ దాకా తెప్పించి మూత బిగించి ఉంచమన్నాను. నేనే వచ్చి చెబితే నీకు కోపమొస్తుందని ఊరుకున్నా. రేపే కబురు చేద్దాం, వచ్చి కలిపేస్తారు."

గోడ మొదట్లో పసుపుపచ్చ గొట్టం మొన, దానికో మూత. రంగులమ్మ వంగి చూసింది. మూత మీది దుమ్ము కొంగుతో తుడిచింది. తలూపి ఇంటికొచ్చేసింది.

"ఏమందే?" అన్నాడు మొగుడు.

"ఏమంటుంది! ఎప్పుడో వేయించి పెట్టిందిట మనకి. చూశారా, ఆఖరికి మంచితనంలో కూడా నాకంటే ముందుండాలి దానికి!" అని రంగులమ్మ భోరుమంది.