పై మడి నిండిన రోజు

మా నాన్న పాస్టర్. దయ్యాల కబుర్లు మా ఇంట్లో సాగేవి కావు. నేనూ ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా చెబితే మొహం మీదే నవ్వేదాన్ని. ఇది మాత్రం నా కళ్లతో చూశాను.

ఎనభైల మొదట్లో మేం కాలిఫోర్నియాలోని డబ్లిన్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయనకు లివర్ క్యాన్సర్ అని తేలింది. ఇక కొన్ని నెలలేనని డాక్టర్లు చెప్పేశారు. మాకు పిల్లలు లేరు. నాకు ఆయన తప్ప ఎవరూ లేరు.

ఆయన కోనసీమ రైతు బిడ్డ. హవాయిలో అక్కడి ఆదివాసులు పూర్వం కొండవాలున రాళ్లు పేర్చి మెట్లు మెట్లుగా మడులు కట్టారని, వాటిలో చామదుంపలు, తర్వాత్తర్వాత వరి కూడా పండేవని ఎక్కడో చదివారు. చూసి తీరాలని పట్టుబట్టారు. ఈ ఒంటితో కొండలేమిటని సణుక్కుంటూనే తీసుకెళ్లాను.

తీరా చూస్తే అక్కడ ఏమీ లేదు. వాగు నీళ్లను ఏనాడో చెరకు తోటలకు మళ్లించేశారట. రాతిగట్లు, ఎండుగడ్డి, దుమ్ము. మిట్టమధ్యాహ్నం. ఆయనను కింది గట్టు మీద కూర్చోబెట్టి, మందుల కోసం కారు దగ్గరకు వెళ్లాను.

వచ్చేసరికి ఆయన బాగా పైనున్న మడిలో ఉన్నారు. బాత్రూంకి వెళ్లాలన్నా నా భుజం పట్టుకునే మనిషి! పడుతూ లేస్తూ ఎక్కాను. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, వంగి, వరిచేలో నీళ్లు పోయే గండికి మట్టి అడ్డం వేస్తున్నట్టు చేతులు ఆడిస్తున్నారు.

"ఏమండీ, ఎలా ఎక్కారు? పడితే ఏం గతి?"

"అరవకే. పై మడి నిండిపోయింది. గట్టు తెగుద్ది, ఓ చెయ్యి వెయ్యమని వాళ్లు పిలిచారు."

"ఎవరు?"

ఆయన చుట్టూ చూపించారు. ఎవరూ లేరు. నేల నెర్రెలిచ్చి ఉంది. ఆయన కాళ్లకు మోకాళ్ల దాకా, చేతులకు మోచేతుల దాకా నల్లటి తడి బురద. దిగేటప్పుడు ఆయనే నా చెయ్యి పట్టుకుని దింపారు.

హోటల్లో నేనే కడిగాను. టబ్బంతా నల్లబడింది. సాయంత్రం ఆయన అడిగి మరీ అన్నం తిన్నారు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. ఆ ఆశే నన్ను చంపింది. ఇంటికొచ్చిన వారానికే ఆయన పోయారు.

మరుసటి ఏడాది ఒక్కదాన్నే వెళ్లాను. అదే మడిలో చెప్పులు విప్పి పొద్దుగూకే దాకా నిలబడ్డాను. నన్నూ పిలవండని తెలుగులోనే ఏడ్చాను. కాళ్లకు దుమ్మే అంటింది.

ఆ బురద ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనను పిలిచినవాళ్లు నన్నెందుకు వద్దనుకున్నారో అంతకన్నా తెలియదు.