మేము కొట్టిన కంప

ఉరవకొండ అవతల మా ఊళ్లో, వంకలోని నీటిగుంటకు పోయే బాటను సర్కారు కంప, అదే ముళ్లతుమ్మ, పెరిగి మూసేసింది. బాట పంచాయతీది, అంటే ఎవరిదీ కాదు. మేకలు మేపే ముసలవ్వ ఒకామె మాత్రం రోజూ పక్కచేని గట్టు మీదుగా చుట్టు తిరిగి మందను నీళ్లకు తోలుకుపోయేది.

ఆ ఏడు వాన రాలేదు, మాకు సేవాభావం వచ్చింది. డిగ్రీ చదివి ఊళ్లో ఖాళీగా ఉన్నవాళ్లం శ్రమదానం అన్నాం. మొదటి ఆదివారం ముప్పైమంది వచ్చారు. ఫొటో తీయడం అయ్యాక ఐదుగురం మిగిలాం. సాయంత్రానికి అరచేతుల నిండా ముళ్లు, బాట మాత్రం శుభ్రం. పచ్చికంప మండదు కదా, వచ్చేవారం కాలుద్దామని కుప్పలేసి పోయాం. మా సీమలో బాట పక్కన కంప కుప్ప కనబడితే దాన్ని ఎవరూ చెత్త అనుకోరు, కంచె అనుకుంటారు. అక్కడే పుట్టిన ఐదుగురికీ ఈ ముక్క తట్టలేదు.

మరుసటి ఆదివారం అగ్గిపెట్టెతో పోతే కుప్పల్లేవు. పక్కచేని రైతు, వరసకు నాకు మామ, ఆ కంపంతా తెచ్చి గట్టుకూ వేశాడు, బాటకు అడ్డంగానూ వేశాడు. కంచె ముందర మేకలు అరుస్తున్నాయి. అవ్వ మమ్మల్ని చూసింది.

"మీరు సేవ చేయకముందు చుట్టు తిరిగన్నా పోతాంటి నాయనా."

"బాటకు కంప ఏసినావేం మామా?" అన్నాను.

"మేకలు బోరుకింది శెనక్కాయ చేన్లో పడవా? ముందు గట్టెంబడి కంపచెట్లు చేనికి అడ్డముండె. మీరే కొట్టేస్తిరి."

మావాడొకడు ప్రజల హక్కుల గురించి గొంతు సవరించుకున్నాడు.

"మైకు లేదురా, ఊరికే ఉండు," అన్నాను. "మామా, మేకలు దప్పికతో సచ్చేటట్లుండాయి. ఏం చేయమంటావో చెప్పు."

మామ తీరిగ్గా బీడీ వెలిగించాడు. "బాట ఇడుస్తా. కంప తీసి చేని పక్క సక్కగా కంచె కట్టిపోండి. ఆదివారం మీకేం పనుండాది?"

మిగతా రోజుల్లో కూడా లేదని చెప్పలేదు.

అడ్డం తీయగానే అవ్వ మా వైపు చూడకుండా మందను గుంటకు తోలుకుపోయింది. మేము పొద్దుగూకేదాకా మామ చేనికి కంచె కట్టాం. మామ ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచి, ఒకచోట కంపను కాలితో తట్టి చూసి తలాడించాడు.

"బాగుండాది రా. వంక అవతల ఇంగొక చేనుండాది నాకు. వచ్చే ఆదివారం ఆడికి రాండి."