నాన్న వేసిన జడ

రెండు వేల ఆరులో, దుబాయ్‌లో వీసా మెడికల్‌కి వెళ్ళినప్పుడు నా పక్కన ఒక బల్గేరియా ఆవిడ కూర్చుంది. అక్కడే సత్వా అనే పేటలో, ఒక సెలూన్‌లో పనట. ఫొటో చూపించింది. ఒకాయన, ఇద్దరు ఆడపిల్లలు.

"పెళ్ళయి ఎన్నేళ్ళయింది, సిస్టర్?" నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను.

"పెళ్ళి చేసుకోలేదు. పన్నెండేళ్ళుగా కలిసుంటున్నాం."

గబుక్కున ఫొటో తిరిగిచ్చేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. వాళ్ళమ్మ కాలంలో పెళ్ళయిన జంటలకే ముందు గవర్నమెంటు ఇల్లు దొరికేదట. అందుకే పంతొమ్మిదేళ్ళకే చేసేసుకునేవాళ్ళట.

"ఇప్పుడు వాళ్ళు ఇళ్ళూ ఇవ్వరు, మేమూ తొందరపడం" అని నవ్వింది.

"మరి ఆయన వదిలేసి వెళ్ళిపోతే?" నా నోరు ఆగలేదు.

"వెళ్ళొచ్చు. కానీ రోజూ పొద్దున్నే లేచి పిల్లలకి జడలు వేస్తున్నాడు" అంటూ ఫొటోలో చిన్నదాని తల మీద వేలు పెట్టింది. ఒక జడ పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

తాళి కట్టిన మా ఆయనకి పాపని అప్పగించి నేనొచ్చి అప్పటికి నాలుగేళ్ళు. జడలు మా అత్తగారే వేస్తుందనుకునేదాన్ని. ఆ శుక్రవారం ఫోన్‌లో ఆయన్ని మొదటిసారి అడిగాను.

"పాపకి జడ ఎవరేస్తున్నారండీ?"



"నేనే. ఇప్పుడు బానే వస్తందిలేవే" అన్నాడు.