మాదిగవాడ జొన్నలు

సుక్కమ్మకు చదువు రాదు. కానీ వాడలోంచి నడిచిపోతూనే ఏ పొయ్యి మీద గట్క ఉడుకుతున్నదో, ఏ పొయ్యి మీద ఉత్త నీళ్లు కాగుతున్నాయో చెప్పగలిగేది. దొరల కాలంలో పదేళ్ల పిల్లగా గడి వాకిలి వెట్టికి ఊడ్చింది. ఇరవై ఏళ్లకు బాప్తిస్మం తీసుకున్నది. ముప్పై దాటకముందే మొగుడు పోయాడు. వెట్టి పోయిందని సర్కారు చెప్పింది. వాడకు సిలువ వచ్చింది. ఊరి మంచినీళ్ల బాయి మాత్రం మునుపు వాళ్లకు ఎంత దూరమో అంతే దూరంలో ఉండిపోయింది. ఈ మాట ఆమె ఎవరి ముందైనా అనేది, పాస్టరయ్య ముందు కూడా.

ఆ వాడలో ఒక ఆచారం ఉండేది. పొద్దున్నే విసురురాయి ముందు కూర్చున్న ఆడమనిషి, జొన్నలు రాయిలో పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టేది. అది దేవుని గుప్పెడు. ఆదివారం ప్రార్థనకు వస్తూ కొంగున కట్టి తెచ్చి పెద్దకుండలో పోసేవాళ్లు. ఏడాదికోసారి మిషను బండి వచ్చినప్పుడు ఆ జొన్నలు ఇంకో ఊరి అక్కరకు పోయేవి. కుండ సుక్కమ్మ గుడిసెలో ఉండేది. ఒంటిపూట తిన్న రోజుల్లో కూడా ఆమె అందులో చెయ్యి పెట్టలేదు.

యాభైతొమ్మిదిలో, వరుసగా రెండేండ్లు వానలు మొఖం చాటేసినాక, ఎండలు ముదురుతున్న రోజుల్లో బండి వచ్చింది. అందులో మిషను దవాఖాన నర్సు లీలమ్మ ఉన్నది. గుంటూరు దిక్కు మనిషి, మంచి మనసున్న మనిషి. రెండు కోసుల అవతల గొర్లు కాసే కురుమోళ్ల గుడిసెల్లో గత్తర, అదే కలరా, పడిందని సూదులు వేయడానికి పోతున్నది. ఆ రాత్రికి వాడలో ఆగింది. వాళ్లు తాగే పలచటి అంబలి కళ్లారా చూసింది. తెల్లారి ప్రార్థన అయినాక లేచి నిలబడింది.

"ఈ ఏడు మీ జొన్నలు మేం తీసుకోమమ్మా. మీ పేదరికం చూస్తే నాకు మనసొప్పడం లేదు. మీలో మీరే పంచుకోండి."

"సల్లగుండు సిస్టరమ్మా" అన్నది గోవిందమ్మ వెంటనే. ఆమెకు నలుగురు పిల్లలు. సంఘపెద్ద పర్వతాలు కూడా తల ఊపాడు.

సుక్కమ్మ కుండ పక్క నుంచి లేవలేదు. ఎవరో చెంప మీద కొట్టినట్టు అయింది ఆమెకు.

"సిస్టరమ్మా, నువ్వు మా పొట్ట చూసినవు. మా చెయ్యి చూడలె" అన్నది. "పుట్టినకాడికెల్లి పట్టుకునుడే మాకు నేర్పిండ్రు. దొర పోస్తె పట్టుకున్నం. మీరు పాలపొడి ఇస్తె పట్టుకున్నం. మేం ఇచ్చేది గీ కుండ ఒక్కటే. గది గూడ వద్దంటె మేమేం మనుషులం? ఊరి దొరకు గరిసెల నిండ వడ్లున్నయి, తాళమేసుకున్నడు. మా కుండకు తాళమే లేదు. ఇందుల కలిగినోళ్లెవలో నువ్వే చెప్పు."

"నీకేందక్కా, ఒంటి కడుపు" అన్నది గోవిందమ్మ. "నా ఇంట్ల పొద్దుగాల నాలుగు నోర్లు లేస్తయి. నీ పౌరుషం ఉడకేసి పెట్టాల్నా?"

కొందరు నవ్వారు. సుక్కమ్మ నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు.

"నీ మాట అబద్ధం గాదు గోవిందమ్మా. సగం పిల్లలున్న ఇండ్లకు పంచు. సగం నేను తీస్కపోత."

"యాడికి వదినె?" అని పర్వతాలు అడిగాడు.

"కురుమోళ్ల గుడిసెలకు. సూదేస్తె రోగం పోతది. ఆకలి పోతదా?"

"మన గడప తొక్కనోళ్లు మన గింజ ముడ్తరా?"

"ముట్టకపోతె తెచ్చుకుంట. నా నెత్తేం అరిగిపోదు."

సగం జొన్నలున్న కుండతో సుక్కమ్మ కూడా ఎక్కినాక బండి కదిలింది. దారిలో లీలమ్మ మెల్లగా అన్నది. "సుక్కమ్మా, మా ఆసుపత్రి పంపిందని చెబుదాం. వాళ్లు కాదనరు."

"అట్ల జెప్తె మా వాడ పేరు దొంగిలించినట్టు."

"నిజం చెబితే వద్దంటారేమో. అక్కడ చిన్నపిల్లలున్నారు. వాళ్ల గంజి కన్నా మీ పేరు ఎక్కువా?"

సుక్కమ్మ ఒళ్లోని కుండను రెండు చేతులా పట్టుకున్నది. "అడగకపోతె చెప్ప. అడిగినంక అబద్ధం చెప్ప" అన్నది.

గుడిసెల్లో మగవాళ్లు లేరు. గడ్డి లేక గొర్ల మందలతో కృష్ణ ఒడ్డుకు వలస పోయారు. ఉన్నది ఆడవాళ్లూ పిల్లలూ, గొంగడి మీద పడుకున్న కురుమయ్య అనే ముసలాయన, అంతే. లీలమ్మ అందరికీ సూదులు వేసింది, నీళ్లు కాచి తాగమని చెప్పింది. కురుమయ్య కోడలు బక్కమ్మ చంకలో పిల్లతో నిలబడి, చెప్పేది వింటున్నట్టే ఉండి కుండ దిక్కే చూస్తున్నది.

"గా జొన్నలు ఎవలయి?" కురుమయ్య అడిగాడు.

లీలమ్మ సుక్కమ్మ దిక్కు చూసింది.

"మావి. మాదిగవాడయి" అన్నది సుక్కమ్మ. "ఇంటికో గుప్పెడు తీసినయి."

ముసలాయన మొఖం పక్కకు తిప్పుకున్నాడు. "కులపోళ్లకు తెలిస్తె తప్పు కడ్తరు, దండుగేస్తరు."

"గత్తరొచ్చి పది దినాలాయె మామా" అన్నది బక్కమ్మ. "మన కులపోడు ఒక్కడన్న దూరంకెల్లి కేకేసి అడిగిండా, ఉన్నరా సచ్చిండ్రా అని? తప్పు కట్టాల్సింది ఎవలో మరి."

పిల్లను కింద దింపి కొంగు పరిచి పట్టుకున్నది.

అప్పుడు సుక్కమ్మ ఒక పని చేసింది. నాలుగడుగుల దూరంలోనే ఆగి, కుండను భుజం దాకా లేపింది, పైనుంచి పోయడానికి. జీవితమంతా ఆమె కొంగులో గింజలు అట్లాగే పడ్డాయి, అంటు తగలకుండా, మీదికెల్లి. ఇచ్చే చేయి తనదే అయినా ఆ దూరం ఆమె ఒంట్లోంచి పోలేదు.

"గంత మీదికెల్లి పోస్తె సగం మన్నుల పడ్తయి" అని బక్కమ్మ కసిరింది. "దగ్గరికి రాయే. నేనేమన్న కరుస్తనా?"

సుక్కమ్మ దగ్గరికి పోయింది. కుండ అంచు బక్కమ్మ కొంగుకు ఆనింది. బరువుకు కొంగు జారబోతే ఇద్దరూ ఒక్కసారే కింద చేతులు పెట్టి పట్టుకున్నారు. కురుమయ్య మొఖం తిప్పుకునే ఉన్నాడు గానీ వద్దని మాత్రం అనలేదు. బక్కమ్మ పక్కింటి ముసలమ్మను కేకేసింది, చేట పట్టుకురమ్మని.

తిరుగుదారిలో ఖాళీ కుండ బండిలో పెట్టి సుక్కమ్మ నడిచింది. మెడ నిటారుగా పెట్టుకుని, గడి ముందు నుంచి ఎన్నడూ నడవనంత నింపాదిగా. లీలమ్మ కూడా దిగి పక్కన నడిచింది. సంచిలోంచి కాగితం తీసింది.

"మిషనుకు ఉత్తరం రాయాలక్కా. ఏమని రాయను?"

"ఇచ్చినోళ్ల పేర్లు రాయి."

"ఎవరి పేరు ముందు రాయను? మీదేనా?"

"నాదెందుకు? ఒంటి కడుపుదాన్ని, నాకేం కష్టమైంది" అన్నది సుక్కమ్మ. "గోవిందమ్మది ముందుగాల రాయి. నలుగురు పిల్లలు ఆకలని ఏడుస్తాంటె ఏడాది పొడుగునా గుప్పెడు తీసింది గామె. పేరు కింద మాదిగవాడ అని గూడ రాయి. తర్వాత నర్సింగమ్మ. తర్వాత గాలయ్య పెండ్లాం భద్రమ్మ..."

వాడ గుడిసెలు కనబడేదాకా పేర్లు చెబుతూనే ఉన్నది. ఒక్క ఇల్లు కూడా తప్పిపోలేదు.