పక్క కొట్లో పాత స్కేట్‌బోర్డు పత్రికలు

మనుషుల మీద అసూయపడటం నాకు చిన్నప్పటి నుంచీ చేతనైన పనే. చీరాల బట్టల బజారులో పుట్టి పెరిగినవాణ్ణి. ఎదురు కొట్లో జనం కాస్త ఎక్కువగా కనిపించిన రోజు మా నాన్న అన్నం సరిగా తినేవాడు కాదు. ఆయన వదిలిన ముద్దలన్నీ నేను తిన్నట్టున్నాను, ఆ గుణం మొత్తం నాకే వచ్చింది. కానీ ఒక పత్రిక మీద, అదీ ఎక్కడో అమెరికాలో కుర్రాళ్ళు చక్రాల చెక్కలెక్కి మెట్ల మీద నుంచి దూకే బొమ్మలున్న పాత పత్రిక మీద అసూయపడతానని మాత్రం అనుకోలేదు.

నాది గల్ఫులో, కరామా బజారులో చిన్న కొట్టు. సంచులు, చెప్పులు, టీషర్టులు. ఆ టీషర్టుల్లో ఒక రకం ఉండేది: పసుప్పచ్చ గుడ్డ మీద తారు కారుతున్నట్టు నల్లటి ఇంగ్లీషు అక్షరాలు. అవి బాగా పోయేవి. రష్యా వాళ్ళు కొనేవారు, ఆఫ్రికా వాళ్ళు డజన్ల లెక్కన పట్టుకెళ్ళేవారు, మన కుర్రాళ్ళు శుక్రవారం వేసుకు తిరిగేవారు. ఇదేమిటని ఎవరైనా అడిగితే "వెరీ ఫేమస్ కంపెనీ సర్" అనేవాణ్ణి. ఆ తారు చూసి, డాబాలు కారకుండా పూత పూసే కంపెనీ ఏదో అయ్యుంటుందని నా లోపలి నమ్మకం. ఏళ్ళ తరబడి ఒక పత్రిక పేరు అమ్ముతున్నానని నాకు తెలియదు.

కరోనా ఏడాది కొట్లు మూయించి మళ్ళీ తెరిపించాక, వీధిలో మేమే ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. నా భార్య ఆసుపత్రిలో నర్సు. ఆమెకు ఏ డ్యూటీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియని రోజులు. మా అమ్మాయి పదో తరగతి, చదువంతా ఫోన్లోనే. క్లాసులు అయిపోయాక ఒక్కదాన్నే ఫ్లాట్‌లో ఉంచలేక మధ్యాహ్నం పూట కొట్టుకు తెచ్చుకునేవాణ్ణి. వచ్చి ఒక మూల కూర్చుని గోళ్ళు చూసుకునేది. నేనేం అడిగినా "ఊఁ" అనేది. ఆ ఊఁ తోనే నేను సర్దుకుపోయేవాణ్ణి.

పక్క కొట్టు ఆయనది ఆర్మూరు దగ్గర పల్లె. మొదట్లో కట్టడాల పనికి వచ్చి, తర్వాత పాత సామాన్ల వ్యాపారంలో దిగాడు. ఆ ఏడాది ఉద్యోగాలు పోయి దేశం విడిచిపోయే కుటుంబాలు చాలా ఉండటంతో అతని పికప్ బండికి ఊపిరాడలేదు. ఒక తెల్లవాళ్ళ విల్లా నుంచి మంచాలు, కుర్చీలతో పాటు రెండు స్కేట్‌బోర్డులూ, ఒక పెద్ద అట్టపెట్టె నిండా పత్రికలూ తెచ్చి దించాడు. మా అమ్మాయి గోళ్ళు చూసుకోవడం మానేసి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

"ఊకె తీస్కపో బిడ్డా" అన్నాడు, ఒక బోర్డు దాని చేతిలో పెట్టి. "ఇయ్యాల రేపు గివి ఎవ్వలు కొంటున్నరు?"

ఊరికే ఇస్తుంటే దణ్ణం పెట్టి తెచ్చుకోవాలి. నా నోరు ఊరుకుంటుందా. "బాగానే ఉంది తమ్ముడూ, కొసరేమిటి మరి?" అన్నాను.

"ఊకె ఇచ్చేదానికి గూడ కొసరానే అన్నా?"

"బోర్డు బేరం. కొసరు కొసరే."

అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. "సరే తియ్. గా డబ్బాల పుస్తకాలున్నయ్. ఎప్పుడు బుద్ధైతే అప్పుడు వచ్చి గీడనే కూసొని సదువుకోమను. అమ్ముడు మాత్రం లేదు."

గొప్ప బేరం కుదిర్చానని లోపలికి వచ్చి నా భుజం నేనే తట్టుకున్నాను. అలా పిల్లని ఎత్తుకెళ్ళి పక్క కొట్లో కూర్చోబెట్టింది నేనే.

మా రెండు కొట్ల మధ్య గోడ లేదు, ప్లైవుడ్ అడ్డుచెక్క. ఇవతల చెప్పులు సర్దుకుంటుంటే అవతల మాటలన్నీ నాకు వినిపించేవి. అతనికి ఇంగ్లీషు చదవడం రాదు. మా అమ్మాయి చదివి, తెలుగులో చెప్పేది. అతను అడిగేవాడు. అడిగించుకోవడం దానికి అంత ఇష్టమని నాకు అప్పుడే తెలిసింది.

"గీ ఈత కొలనుల నీళ్ళెందుకు లెవ్వు?"

"అక్కడ కరువొచ్చింది బాబాయ్. కొలనులన్నీ ఎండగట్టేశారు. వీళ్ళు గోడలు దూకి వెళ్ళి, ఆ ఖాళీ గుంటల్లో స్కేట్ చేసేవాళ్ళు. అప్పటిదాకా ఫుట్‌పాత్ మీద తిరిగే ఆట, అక్కడి నుంచి గాల్లోకి లేచింది."

"పోలీసులు గుంజుకపోలే?"

"లాక్కుపోయారు. ఆ ఫోటో కూడా వేసుకున్నారు, చూడు."

ఇద్దరూ పగలబడి నవ్వేవారు. నేను ఇవతల ఎడమ కాలి చెప్పుకు ఎడమ కాలి చెప్పునే జత కట్టేవాణ్ణి.

బాబాయ్ అట. నాకు తమ్ముళ్ళు లేరు.

అలా చెక్క సందుల్లోంచి ఆ పత్రిక చరిత్ర నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. పందేలు, పతకాలు దాంట్లో తక్కువ. వీధి ఎక్కువ. బడి మెట్లు, బ్యాంకు ముందు రాతి గట్లు, రైలింగులు. ఏ ఊరి కుర్రాడైనా ఫోటో పంపితే వేసేవారు. దూకిన వాడికి ఎంత చోటిచ్చారో, పడి మూతి పగలగొట్టుకున్న వాడికీ అంతే చోటు. పాత చెక్కలతో వాలు దిమ్మ ఎలా కట్టుకోవాలో గీసి చూపించేవారు. ఆ బొమ్మ చూసి ఎక్కడెక్కడి దేశాల్లోనో పిల్లలు మేకులు కొట్టారట. ఒక్క సంచిక ఊరంతా తిరిగి, అట్ట ఊడి, జిరాక్సు కాపీలై ఇంకా తిరిగేదట. వాళ్ళు వినే పాటలూ, వేసుకునే బూట్లూ దాంట్లోంచే బయటికి వచ్చి బజార్లో పడ్డాయి. చివరికి పత్రిక చదివేవాళ్ళ కన్నా దాని పేరున్న చొక్కా వేసుకునేవాళ్ళే ఎక్కువయ్యారట.

"మా డాడీ అమ్మేది అదే బాబాయ్! ఆ తారు అక్షరాలు!" అని అరిచింది ఒకరోజు. నేను గబగబా తల దువ్వుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డాను, వచ్చి అడుగుతుందని. రాలేదు. మళ్ళీ పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.

సాయంత్రం మా భవనం వెనక కార్లు నిలిపే ఖాళీ జాగాలో ఫిలిప్పీన్స్ పిల్లలు, లెబనాన్ పిల్లలతో కలిసి బోర్డు ఎక్కేది. "ఆ ఫోటోలు చూశాక మన కరామా మెట్లు కూడా వేరేగా కనిపిస్తున్నాయి" అంది. ఎంత మంచి మాట. అది కూడా అతనితోనే అంది.

నేనూ ఊరుకోలేదు. మెత్త కుర్చీ తెచ్చాను. ఏసీ పెంచాను. యాలకులు వేసి చిక్కగా కాచే కరక్ చాయ్ తెప్పించాను. కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి, "థాంక్స్ డాడీ" అని పక్క కొట్టుకు వెళ్ళిపోయింది. కొత్త క్రీడా పత్రిక ఒకటి, నిగనిగలాడే కాగితంది, కొని టేబుల్ మీద వేశాను. దాన్ని వేడి గ్లాసు కింద పెట్టింది.

ఇంట్లో నా భార్యతో చెప్పుకున్నాను. డ్యూటీ నుంచి వచ్చి, మాస్కు గీతలు పడిన మొహంతో నన్ను తేరిపారా చూసింది. "నీకు పక్క కొట్టాయన మీద కుళ్ళు."

"అతని మీద నాకెందుకు? ఆ పత్రికలే పిల్లని అక్కడ కట్టేస్తున్నాయి."

"అయితే కొనుక్కో. కొనడం తప్ప నీకు వేరే మందు పడదు."

కొనాలనే నాకూ ఉంది. రెండుసార్లు అడిగాను. "అమ్ముడు లేదన్నా, ఖలాస్" అని చేతులు దులిపేశాడు. అప్పుడే నాకు బోణీ గుర్తొచ్చింది.

మాది చర్చికి వెళ్ళి ప్రార్థన చేసుకునే ఇల్లే అయినా, కొట్టు తెరిచాక బోణీ పట్టింపు మాత్రం మా నాన్న ఏనాడూ వదల్లేదు. పొద్దున్నే మొదట వచ్చినవాణ్ణి ఒట్టి చేతులతో పంపకూడదు. నష్టానికైనా ఒక జేబురుమాలు అమ్మాలి. మొదటి మనిషి ఒట్టిగా తిరిగిపోతే ఆ రోజంతా కొట్టు ఒట్టిదే. పక్క కొట్టాయనకూ ఆ పట్టింపు గట్టిగా ఉంది. పొద్దున మొదటి దిర్హం కళ్ళకద్దుకుని గానీ గల్లాలో వేసేవాడు కాదు.

మర్నాడు అతను షట్టర్ ఎత్తేసరికి గుమ్మంలో నేనున్నాను.

"ఏందన్నా గింత పొద్దుగాల?"

"బోణీ చేద్దామని వచ్చాను తమ్ముడూ. ఆ పత్రికల పెట్టె కావాలి."

అతని చేయి షట్టర్ మీదే ఆగిపోయింది. నా వంక, పెట్టె వంక, వీధి వంక చూశాడు. ఇంకెవరైనా వస్తారేమోనని ఆశ. పిల్లి కూడా రాలేదు.

"మోసమన్నా ఇది" అన్నాడు మెల్లగా. "బోణీ అంటివి. ఇగ నేనేం జేస్త? ధర నువ్వే జెప్పు."

బేరంలో నన్ను ఎవరూ అంత దెబ్బ కొట్టలేదు. ధర అవతలివాడు చెప్పాలి, నేను గుండె పట్టుకోవాలి, సగానికి దిగాలి. అదే నాకు వచ్చిన విద్య. నన్నే చెప్పమనేసరికి నోరు తడబడి, తూకానికి అమ్మే కాగితాలకు బంగారం ధర చెప్పాను.

"గంతెందుకన్నా, తక్వ ఇయ్యి" అన్నాడు.

"వద్దు, ఉంచు."

"నీ పిల్ల సదివే పుస్తకాలకు నేను గంత దీసుకుంటనా? తగ్గియ్యి."

అమ్మేవాడు తగ్గిస్తుంటే కొనేవాడు పట్టుబట్టిన బేరం కరామాలో అదొక్కటే అయ్యుంటుంది. చివరికి అతని మాటే నెగ్గింది. పెట్టె మోసుకుని వస్తుంటే నడుం పట్టేసింది గానీ, ఆ నొప్పి కూడా తియ్యగానే ఉంది.

మధ్యాహ్నం మా అమ్మాయి వచ్చి పెట్టె చూసి కళ్ళు పెద్దవి చేసింది. "మన కొట్లోకి వచ్చాయా!" నేను కుర్చీ జరిపి, ఫ్యాను తిప్పి, ఇక చదువు అన్నట్టు నిలబడ్డాను. అది గుమ్మంలోకి వెళ్ళి, "బాబాయ్! ఇక్కడికి రా, ఇవాళ ఇక్కడ!" అని కేక వేసింది. అతను తన ప్లాస్టిక్ కుర్చీ చంకన పెట్టుకుని రానే వచ్చాడు.

పెట్టెతో పాటు అతన్ని కూడా కొన్నానని అప్పుడు అర్థమైంది. ఈసారి కొసరు నేను అడగలేదు.

రోజూ అదే వరస. అప్పటికి సందర్శకులు మళ్ళీ మెల్లమెల్లగా వస్తున్నారు. నేను కౌంటర్లో చెప్పుల సైజులు తీస్తుంటే, నా ఏసీలో, నా కరక్ తాగుతూ వాళ్ళిద్దరూ పత్రికలో మునిగిపోయేవారు. అంతకుముందు మధ్యలో కనీసం ఒక చెక్క ఉండేది. ఇప్పుడు అది కూడా లేదు.

ఒకరోజు పాత సంచిక ఒకటి తీసింది. పత్రిక పెట్టినవాళ్ళు తమ పుట్టుక కథ తామే రాసుకున్న సంచిక. "వీళ్ళు పత్రికల వాళ్ళు కాదు బాబాయ్. స్కేట్‌బోర్డు కింద ఇరుసులుంటాయి కదా, అవి తయారు చేసేవాళ్ళు. ఆటస్థలాలు మూతబడి, ఈ ఆట పనైపోయిందని అందరూ అనుకున్నారు. ఇరుసులు ఎవరూ కొనట్లేదు. అప్పుడు పెట్టారు."

నా చేతిలో ఒక ఈజిప్టు ఆయన చెప్పు ఉంది. అయినా నోరు ఆగలేదు. "అయితే పత్రిక కొసరన్నమాట. అసలు బేరం ఇరుసులది."

మా అమ్మాయి తలెత్తింది. చాలా కాలానికి నా వైపు ఊఁ లేకుండా చూసింది. "మళ్ళీ చెప్పు డాడీ."

"సరుకు పోనప్పుడు మా నాన్న కొట్టు ముందు అరుగు మీద మంచినీళ్ళ కుండ పెట్టి, నలుగురిని కూర్చోబెట్టి కబుర్లు చెప్పించేవాడు. కబుర్ల కోసం వచ్చినవాడు తువ్వాలు కొనుక్కుని వెళ్ళేవాడు. వీళ్ళు పెట్టింది ఆ కుండే. ఆఖరికి కుండ పేరే సరుకైపోయి, చొక్కాల మీదకెక్కి, నా దాకా వచ్చింది."

"వావ్" అంది. దాని కుర్చీ నిజంగానే నా వైపు తిరిగింది. "ఇంకా చెప్పు, తాతయ్య..."

"హలో, హలో, సైజ్!" అన్నాడు ఈజిప్టు ఆయన. నేను లోపలికెళ్ళి సైజు తెచ్చి ఇచ్చేసరికి కుర్చీ మళ్ళీ అటు తిరిగిపోయింది. సాయంత్రం వెళ్తూ, సగం చదివిన ఆ సంచికలో గుర్తుగా చెప్పుకు కట్టే ధర చీటీ ఒకటి పెట్టింది. రేపు మిగతా సగంలో నా వంతు ఉంటుందని నాకు ఆ పూట నిద్ర కూడా హాయిగా పట్టింది.

పొద్దున షట్టర్ ఎత్తాను. పక్క కొట్టాయన గుమ్మంలో ఉన్నాడు, స్నానం చేసి, తల నున్నగా దువ్వుకుని.

"బోణీ అన్నా."

"ఏం కావాలి తమ్ముడూ? చెప్పులా? మంచి సంచి ఉంది."

"పెట్టె వద్దన్నా, నీకే ఉండనియ్యి. గా చీటీ వెట్టిన పుస్తకం ఒక్కటి చాలు."

వీధి వంక చూశాను. పిల్లి కూడా రాలేదు. చచ్చినట్టు ఇచ్చాను. ధర అతన్నే చెప్పమన్నాను, కనీసం ఆ దెబ్బైనా తిప్పికొడదామని. అతను ఏమాత్రం తడబడకుండా చెప్పి, ఇచ్చి, పత్రిక కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మా అమ్మాయి వచ్చి పెట్టె అంతా వెతికింది. "డాడీ, నిన్నటిది ఏది?"

"పక్కన ఉంది."

"సరే" అని వెళ్ళిపోయింది. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. కాసేపటికి చెక్క అవతల నుంచి, "ఇరుసుల దాకా వచ్చాం కదా బాబాయ్" అని వినిపించింది.

గల్లాపెట్టె ముందు నుంచి మనిషి లేవకూడదని మా నాన్న నేర్పాడు. జ్వరమొచ్చినా అక్కడే కూర్చునేవాడు. నేను గల్లాపెట్టెకు తాళం వేశాను. స్టూలు చేత్తో పట్టుకుని, మిట్టమధ్యాహ్నం, బేరాలు వచ్చే వేళ, కొట్టు వదిలి పక్క కొట్టుకు నడిచాను.

ఇద్దరూ తలెత్తి చూశారు. "ఏందన్నా, కొట్టు?" అన్నాడు అతను.

"నువ్వు చదువమ్మా" అన్నాను.

మా అమ్మాయి ఒకసారి నా స్టూలు వంక, ఒకసారి నా మొహం వంక చూసి, వేలు పేజీ మీద పెట్టి చదవడం మొదలుపెట్టింది. నా కొట్టు ముందు ఎవరో "షాప్! హలో, షాప్!" అని పిలుస్తున్నారు. గొంతు వింటే పెద్ద బేరంలాగే ఉంది. నేను కదల్లేదు. చప్పుడు కాకుండా నా స్టూలు అతని కుర్చీ కన్నా కాస్త ముందుకు జరుపుకున్నాను.