నేను తగ్గించి రాసిన కణాలు

డెబ్బైల చివర్లో నంద్యాలలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో చేరాను. రక్తపు చుక్కను గాజుపలకపై పరచి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద నూరు తెల్లకణాలను రకాలవారీగా లెక్కించడం నా పని. రంగు ఎక్కువసేపు ఉంచి ఒక పలకను పాడుచేసినందుకు డాక్టరుగారు ఒకసారి అందరి ముందూ చీవాట్లు పెట్టారు.

ఆ మరుసటి వారమే, ఆళ్లగడ్డ దగ్గర వరిమళ్లలో కలుపు తీసే ఒకామె దగ్గుతో వచ్చింది. ఆమె పలకపై ఇటుకరంగు రేణువులు నిండిన ఇసినోఫిల్ కణాలు నూటికి నలభై రెండు కనిపించాయి. మామూలుగా ఆరు దాటవు. తప్పు మళ్లీ నా రంగుదే అనుకున్నాను. రెండో పలక చేయవలసింది. చేయలేదు. రిపోర్టులోనూ రిజిస్టరులోనూ ఆరు అని రాశాను.

ఒంట్లో పురుగులుంటే ఆ కణాలు పెరుగుతాయి. ఆరు అన్న అంకె చూశాక పురుగుల మాట డాక్టరుగారికి తట్టలేదు. తెమడలో క్రిములు లేకపోయినా, ఎక్స్‌రేలోని మచ్చలను బట్టి క్షయకు సూదులు మొదలుపెట్టారు.

మూడు వారాల తర్వాత ఆమె వరండాలో కనిపించింది.

"దగ్గు తగ్గిందా అక్కా?"

"యాడ తగ్గిందప్పా. మాయత్త నాకు తట్ట, గ్లాసు వేరే పెట్టింది. పాలు తాగే బిడ్డను గూడా తీసకపాయ. గోడకవతల అది ఏడుస్తాంటే ఈడ పండుకోని వింటాండా. మా ఇంట్లో నాకన్నా కొట్టంలో పాలిచ్చే ఎనుమే మేలు, దాన్నన్నా ముట్టుకుంటారు." నవ్వబోయి దగ్గింది.

లోపలికి వెళ్లి పాత పలకను మళ్లీ లెక్కించాను. నలభై రెండే. అదే రోజు అదే రంగు వేసిన మిగతా పలకలన్నీ సరిగ్గా ఉన్నాయి. అది మొదటి రోజే చూసుకోవలసిన సంగతి.

తడి నేలలోని కొంకిపురుగు పిల్లలు పాదాల చర్మం గుండా రక్తంలోకి దూరి, ఊపిరితిత్తులకు చేరి, గొంతు మీదుగా పేగుల్లోకి దిగుతాయి. ఊపిరితిత్తుల్లో ఇసినోఫిల్ కణాలు వాటిని చుట్టుముట్టి, తమ రేణువుల్లోని విషాన్ని వాటి ఒంటిపై చిమ్ముతాయి. ఆ విషానికి ఊపిరితిత్తులు కూడా కందుతాయి. దగ్గు, మచ్చలు అందువల్లనే. ఇదంతా నేను చదివినదే.

అయినా డాక్టరుగారికి నిజం చెప్పలేదు. "అనుమానంగా ఉంది సార్, రక్తం, మలం మరోసారి చూస్తాను" అన్నాను. మలంలో కొంకిపురుగు గుడ్లు దొరికాయి. సూదులు ఆపి మాత్రలిచ్చారు. నా చూపు చురుకైనదని ఆమె ముందే మెచ్చుకున్నారు.

మరుసటి నెల ఆమె బిడ్డను చంకనేసుకుని వచ్చింది. దగ్గు లేదు.

"పాలిస్తాండావా అక్కా?"

"యాడియప్పా, ఎప్పుడో ఎండిపాయ." బిడ్డ రెండు చేతులూ పట్టి నా వైపు జోడించింది. "ఈయప్పే నిన్ను నాకిచ్చింది. మొక్కు."

ఆరు అని రాసిన రిజిస్టరు నా ముందే తెరిచి ఉంది. దానిపై అరచెయ్యి ఆనించి, బిడ్డకు తల ఊపాను.